సూది ముందు చాచిన చెయ్యి



మీ ఎడమ జబ్బను ఒకసారి తడిమి చూసుకోండి. రవిక చేతికో చొక్కా చేతికో మరుగున చిన్న గుంట మచ్చ ఒకటి వేలికి తగలవచ్చు. క్షయ రాకుండా చిన్నప్పుడు వేసిన బి.సి.జి. టీకా గుర్తు అది. దేశమంతటా కోట్లాది చేతుల మీద ఉన్న ఆ మచ్చకు మన చిత్తూరు సీమతో పాత చుట్టరికం ఉంది. భారతదేశంలో బి.సి.జి. వేయడం మొదలైంది 1948లో. ఆ తొలి అడుగులు పడింది మదనపల్లెలో. అప్పటికి మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె అన్నీ ఒకే జిల్లా.

మదనపల్లెలోనే ఎందుకంటే, అక్కడ ఆరోగ్యవరం ఉంది. కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో నెలకొల్పిన క్షయ ఆస్పత్రి అది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నిలబెట్టారు. అక్కడే పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ తర్వాత భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యారు. క్షయకు మందు లేని కాలం. రోగికి ఇచ్చేదల్లా మంచి గాలి, వెలుతురు, బలమైన తిండి, నెలల తరబడి మంచం మీద కదలకుండా పడుకునే విశ్రాంతి.

వీటికి లొంగని జబ్బుకు ఆ రోజుల్లో క్షయ ఆస్పత్రుల్లో ఒక సూది ఉండేది. దాని సంగతి వింటే ఈనాటి టీకా సూదిని సూది అనబుద్ధి కాదు. పక్కటెముకల సందులోంచి బోలు సూది దించి, ఊపిరితిత్తి చుట్టూ గాలి ఎక్కించేవాళ్లు. ఆ ఒత్తిడికి ఊపిరితిత్తి ముడుచుకుంటుంది, కదలకుండా ఉంటుంది, లోపలి పుండు మానుతుంది అని లెక్క. ఎక్కించిన గాలి కొన్నాళ్లకు ఒంట్లో ఇంకిపోతుంది. మళ్లీ సూది. ఇట్లా కొందరికి ఏళ్ల తరబడి సాగేది. ఆరోగ్యవరం లాంటి చోట పనిచేసే డాక్టర్లకు, జబ్బు రాకముందే తోలులోకి చిన్న పోటు ఒకటి వేస్తే చాలుననే మాట ఎంత ఆశ పెట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అయితే అప్పట్లో బి.సి.జి. ఒక పోటుతో అయ్యేది కాదు. ముందు ముంజేతిలో ట్యూబర్‌క్యులిన్ అనే పరీక్ష సూది. మూడో రోజు వచ్చి చూపించుకోవాలి. పొడిచిన చోట గట్టిగా వాచి ఉంటే క్షయ క్రిమి ఒంట్లోకి ముందే చేరిందని అర్థం, టీకా అక్కర్లేదు. వాపు లేనివాళ్లకే జబ్బ మీద బి.సి.జి. సూదికి భయపడే మనిషికి మొదటి పోటు అంత కష్టం కాదండీ. ఎవరో పిలిచారు, వరసలో నిలబెట్టారు, అయిపోయింది. రెండోదానికి తన కాళ్ల మీద తాను నడిచి రావడం కష్టం. నొప్పి ఎంతో తెలిసి రావాలి కదా.

ఇంకో చిక్కు కూడా ఉంది. బి.సి.జి. వేసినప్పుడు తోలు మీద చిన్న బుడిపె లేచి కాసేపట్లో అణిగిపోతుంది. అంతా అయిపోయిందనుకున్న రెండు మూడు వారాలకు అక్కడ కురుపు మొదలవుతుంది. పెరుగుతుంది, చితుకుతుంది, రసి కారుతుంది, మాని మచ్చ పడేసరికి రెండు మూడు నెలలు. ఈనాటికీ కొత్త తల్లులు ఆ కురుపు చూసి బెదిరిపోతారు. పసుపు రాస్తారు, పౌడరు అద్దుతారు, ఏవేవో పూతలు పూస్తారు. ఏమీ రాయక్కర్లేదు. టీకా తన పని తాను చేసుకుంటోంది. ఈ రెండు ముక్కలు సూది వేసిన రోజే చెప్పి పంపితే ఆ తల్లికి ఒక నెల నిద్ర మిగులుతుంది.

1951 నుంచి బి.సి.జి. దేశమంతా పెద్ద ఎత్తున సాగింది. దానికి ఎదురు నిలిచినవాళ్లూ ఉన్నారు, వాళ్లలో అందరికన్నా పెద్దపేరు రాజాజీది. చక్రవర్తి రాజగోపాలాచారి 1955లో, తాను బి.సి.జి.ని ఎందుకు వ్యతిరేకిస్తున్నానో వివరిస్తూ ఇంగ్లీషులో చిన్న పుస్తకమే వేశారు. ఆయన సూదికి భయపడి రాయలేదు. బతికున్న క్రిమిని, ఎంత బలహీనపరిచినదైనా సరే, ఆరోగ్యంగా ఉన్న లక్షల మంది పిల్లల ఒంట్లోకి పంపవచ్చా అన్నది ఆయన బెంగ. అది ఊరికే పుట్టిన బెంగ కూడా కాదు. 1930లో జర్మనీలోని లూబెక్‌లో బి.సి.జి.లో అసలు క్షయ క్రిమి పొరపాటున కలిసిపోయి 70 మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. చదువుకున్నవాళ్లు దాన్ని మరిచిపోలేదు.

మరి తేలిందేమిటి? మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో 1950లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి పరిశీలించారు. 1968 నుంచి మద్రాసు పక్కన చెంగల్పట్టు జిల్లాలో లక్షల మందితో ఇంకా పెద్ద పరీక్ష జరిగింది. దాని ఫలితాలు 1979 ప్రాంతంలో బయటికి వచ్చినప్పుడు ప్రపంచమంతా నివ్వెరపోయింది. పెద్దవాళ్లకు ఊపిరితిత్తుల క్షయ రాకుండా బి.సి.జి. అక్కడ ఆపలేకపోయింది. అట్లని అది పనికిరాని టీకా కాదు. పసిపిల్లల మెదడు పొరలకు పాకే క్షయ, ఒళ్లంతా కమ్మే క్షయ, ఈ రెండింటి నుంచి అది కాపాడుతుంది. ఇప్పటికీ బిడ్డ పుట్టగానే వేస్తున్నది అందుకే. రాజాజీ పూర్తిగా గెలవలేదు, టీకా గురించి మొదట్లో గొప్పలు పోయినవాళ్లూ గెలవలేదు.

ఇంత దూరం ఈ కథ ఎందుకు చెప్పానంటే, మన ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో ఒక అలవాటు ఉంది. టీకాకు రాని ప్రతివాడినీ ఒకే గాటన కట్టి 'అపోహలు' అని రాసేస్తారు. అడిగేవాడు వేరు, అదిరేవాడు వేరు. రాజాజీ లాంటివాడికి జవాబు కావాలి, లెక్కలు కావాలి. సూది చూడగానే చెమటలు పట్టే కాలేజీ పిల్లవాడికి ఏ లెక్కా అక్కర్లేదు. వాడికి టీకా మీద నమ్మకం ఉంది. లేనిదల్లా కాళ్లలో సత్తువ. వాడికి పక్కన ఒక మనిషి కావాలి. అడిగేవాణ్ణి భుజం తట్టి పంపినా, అదిరేవాడికి ఉపన్యాసం ఇచ్చినా ఇద్దరూ మళ్లీ రారు.

మన వైపు ఇంకో వింత చూడండి. జరం వచ్చినవాణ్ణి ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గరికి తీసుకుపోతే, "మాత్రలిస్తే యాడ తగ్గుతాది సారూ, సూదెయ్యి" అని అడుగుతారు. సూది వెయ్యని డాక్టరుకు హస్తవాసి లేదని పేరు. అదే మనుషులు, టీకాలు వేసే ఎ.ఎన్.ఎం. వీధిలోకి రాగానే, "మా బిడ్డ బాగుండాడమ్మా, ఎందుకు ఇప్పుడు" అని తలుపు దగ్గరికి వేస్తారు. ఇది అజ్ఞానం అనుకుంటే మనమే తప్పులో కాలేసినట్టు. జబ్బుపడ్డప్పుడు సూది నొప్పికి ఫలం రేపే కనిపిస్తుంది, జరం దిగుతుంది. టీకాకు ఫలం ఎన్నటికీ కనపడదు. రాని జబ్బును ఎవరు చూశారు? పైగా ఆరు వారాల సూది వేయించుకొచ్చిన రాత్రి బిడ్డకు ఒళ్లు కాలుతుంది, తొడ గట్టిపడుతుంది, తెల్లార్లూ ఏడుస్తాడు. బాగున్న బిడ్డకు జరం తెప్పించారని అవ్వ కోడలి మీద విసుక్కుంటుంది. ఆ అవ్వ తర్కంలో నాకు తప్పు కనపడదు. ధనుర్వాతంతో, కోరింత దగ్గుతో పోయిన పిల్లల్ని తన చిన్నతనంలో చూసిన అవ్వ అయితే విసుక్కోదు, అంతే తేడా.

ఆ తరంవాళ్ల చేతుల మీద వేరే మచ్చలుంటాయి. ముంజేతి మీదో జబ్బ మీదో, రూపాయి బిళ్ల అచ్చు దిగినట్టు గుండ్రటివి. మశూచి టీకా మచ్చలవి. చివర చిన్న ముళ్లున్న గుండ్రటి పరికరాన్ని చర్మం మీద ఆనించి గిర్రున తిప్పేవాళ్లు, టీకా మందు ఆ గీరుల్లోకి దిగేది. పిల్లల్ని గాదెల వెనక, గడ్డివాముల చాటున దాచిన కథలు మన పల్లెల్లో ఏ పెద్దముత్తయిదువను అడిగినా చెబుతుంది. టీకాల ఆయన ఊరి పొలిమేరలో కనపడితే చాలు, పిలకాయలంతా మామిడితోపుల్లో తేలేవాళ్లట.

దీన్ని చెప్పేటప్పుడు చాలామంది గంగమ్మను అడ్డం తెస్తారు. అమ్మవారు పోసిందని నమ్మే జనం టీకా వేయించుకోలేదు, మూఢత్వం అని. నేను ఒప్పుకోను. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మకు ప్రతి ఏటా వేసవిలో జాతర జరుగుతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ రోజుకో వేషం. ఎండలు ముదిరే వేళ, ఒంటి మీద పొక్కులు లేచే కాలంలో ఊరు ఊరంతా తల్లిని చల్లబరిచే పండుగ. అంబళ్లు పోస్తారు, వేపమండలు కడతారు. జబ్బు సోకిన ఇంటి గుమ్మానికి వేపాకు కట్టి, బయటివాళ్లను రానివ్వక, రోగిని చల్లగా, శుచిగా ఉంచే ఆచారంలో వైద్యుడు తప్పుపట్టేది తక్కువే. ఇంటికి వేపమండ కట్టినవాళ్లే బిడ్డ చేతికి టీకా కూడా పొడిపించారు. రెండూ చేశారు. మన జనం ఒక రక్షణ ఉంది కదా అని రెండోదాన్ని వద్దనుకునే రకం కాదు. దేశంలో చివరి మశూచి కేసు 1975 మేలో అస్సాంలో నమోదైంది. జాతర ఇప్పటికీ నడుస్తోంది.

సూది భయానికి మన వైపు రాజులాంటిది మాత్రం కుక్కకాటు సూది. ఆ పద్నాలుగు సూదుల సంగతి యాభై దాటినవాళ్లకు చెప్పక్కర్లేదు. పొట్ట మీద, బొడ్డు చుట్టూ, రోజుకొకటి. గొర్రె మెదడు నుంచి చేసిన సెంపుల్ టీకా అది. మోతాదు ఎక్కువ కాబట్టి చేతికి చాలదు, పొట్ట తోలు కిందే వేయాలి. తమిళనాడులో కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల తయారయ్యేది. వారం తిరిగేసరికి పొట్టంతా వాపులు, ముందు వేసినచోట ఇంకో సూది పడకుండా నర్సు వెతుక్కోవాల్సి వచ్చేది. కుక్క కరిచిందని ఇంట్లో చెప్పకుండా దాచిన పిల్లలు ఉన్నారు. కరిచిన కుక్క కన్నా సూదే ఎక్కువ భయపెట్టింది వాళ్లను. ఆ దాపరికానికి ప్రాణం మూల్యంగా పోయిన సందర్భాలుంటాయి, ఎందుకంటే రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

2005 కల్లా ఆ టీకాను మన దేశంలో పూర్తిగా ఆపేశారు. ఇప్పుడు ప్రభుత్వాస్పత్రిలో కుక్కకాటుకు వేసేది జబ్బ మీద, తోలు పొరలోకి, చాలా సన్నటి సూదితో. వేసేది కరిచిన రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. గాయం లోతైనదైతే దాని చుట్టూ ఇంకో మందు కూడా వేస్తారు. కానీ బొడ్డు చుట్టూ పద్నాలుగు అన్న మాట మాత్రం జనం నోట్లోంచి పోలేదు. ఈ మధ్య పుట్టిన పిల్లలు కూడా దాన్నే చెప్పుకుని భయపడుతున్నారు. కాబట్టి తల్లిదండ్రులు ఒక పని చెయ్యాలి. కుక్క గీరినా కరిచినా చెబితే తిట్టబోమని, సూది చేతికే వేస్తారని ముందుగానే చెప్పి ఉంచాలి. కరిచిన చోటును సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలని కూడా చెప్పాలి.

ఇక కరోనా. 2021 జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు మన వైపు పెద్దవాళ్లు అటూ ఇటూ ఊగారు. "వాళ్లకేమైందో చూసి వేయించుకుందాం లే" అన్నది ఎక్కువగా వినపడిన మాట. ఆ వేసవిలో మాట మారింది. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ సరఫరా తగ్గి 11 మంది చనిపోయారు. ఆ వార్త తర్వాత సూది గురించి మాట్లాడేవాళ్లు తగ్గారు, సూది ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్లు పెరిగారు. జూన్ 20న ఒక్క రోజే ఆంధ్రప్రదేశ్‌లో 13 లక్షలకు పైగా డోసులు వేశారు. సెప్టెంబరులో తిరుమల తిరుపతి దేవస్థానం, దర్శనానికి రావాలంటే రెండు డోసుల సర్టిఫికెట్ గానీ మూడు రోజుల లోపు చేయించుకున్న నెగటివ్ రిపోర్టు గానీ తేవాలని చెప్పింది. ఏ ప్రచారమూ కదపలేని కొందరిని ఏడుకొండలవాడు కదిలించాడు. దర్శనం కోసం వేయించుకున్నానని నవ్వుతూ చెప్పినవాళ్లున్నారు. దాంట్లో తప్పేముంది? రావడం ముఖ్యం, దేనికోసం వస్తే ఏం.

అప్పుడు వేసిన వాటిలో కోవాగ్జిన్‌ను తయారుచేసిన భారత్ బయోటెక్ అధినేత కృష్ణ ఎల్లాది తిరుత్తణి దగ్గర నెమిలి అనే పల్లె, రైతు కుటుంబం. 1960 దాకా తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోదే. ఈ ముక్క చెబితే మా వైపు జనానికి టీకా మీద గౌరవం కొంచెం పెరిగేది, ఎందుకో గానీ.

ఆ కరోనా టీకా క్యూలలో నేను గమనించింది ఒకటుంది. పెద్దగా ఏడ్చినవాళ్లు పిల్లలు కాదు. మీసాలున్న మగవాళ్లు కొందరు కుర్చీలో కూర్చోగానే తెల్లబడిపోయేవాళ్లు. ఒకాయన సూది దిగకముందే పక్కకు ఒరిగాడు. వెనక వరసలో నవ్వారు. ఆ నవ్వు పాపం. ఇందులో పిరికితనం లేదండీ, ఒంటి లక్షణం ఉంది. మామూలు భయాల్లో గుండె దడదడలాడుతుంది, రక్తపోటు పెరుగుతుంది, అట్లాగే ఉంటుంది. సూది, నెత్తురు చూసి బెదిరేవాళ్లలో కొందరికి మాత్రం ముందు పెరిగి, ఆ వెంటనే ధబాలున పడిపోతుంది. మెదడుకు నెత్తురు చాలక కళ్లు తిరుగుతాయి. ఇది కుటుంబాల్లో కూడా వస్తుంది. తండ్రికి ఉంటే కొడుకుకు ఉండే అవకాశం ఎక్కువ.

దీనికి స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్ పేరుతో చెప్పే ఒక కిటుకు ఉంది, ఖర్చు లేనిది. సూదికి ముందు చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను పది పదిహేను సెకన్లు గట్టిగా బిగించాలి, మొహానికి వెచ్చదనం వచ్చేదాకా. తర్వాత వదిలెయ్యాలి, ఒక అరనిమిషం. మళ్లీ బిగించాలి. ఇట్లా ఐదుసార్లు. బిగించినప్పుడు రక్తపోటు లేస్తుంది, కళ్లు తిరగవు. సూది వేసే చేతిని మాత్రం వదులుగా ఉంచాలి, బిగించిన కండలో నొప్పి ఎక్కువ. మనలో ఎక్కువమంది చేసే గట్టి ఊపిరి పీల్చుకోవడం, ఒళ్లంతా వదులు చేసుకోవడం లాంటివి గుండెదడ ఉన్నవాళ్లకు పనికొస్తాయి గానీ, స్పృహ తప్పేవాళ్లకు ఇదే మేలు. లేదంటే పడుకుని వేయించుకోవచ్చు. అడగడానికి సిగ్గుపడక్కర్లేదు. వేశాక పదిహేను నిమిషాలు కూర్చోమన్నప్పుడు కూర్చోండి. లేచి సైకిలెక్కి పడిపోయినవాళ్లున్నారు.

పసిపిల్లల విషయానికొస్తే, తల్లి ఒడిలో నిటారుగా కూర్చోబెట్టుకుని వేయించడం మేలు, బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి నలుగురు పట్టుకోవడం కన్నా. పాలు తాగే బిడ్డకు సూది వేసేటప్పుడు పాలిస్తూ ఉంటే ఏడుపు తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే చెబుతోంది. చాలా మంది నర్సమ్మలు దీన్ని ముందునుంచీ చేస్తూనే ఉన్నారు, పుస్తకంలో చదివి కాదు. కాస్త పెద్ద పిల్లలకు మాత్రం "చీమ కుట్టినట్టుంటాది, నొప్పే పుట్టదు" అని చెప్పకండి. వాడికి నొప్పి పుడుతుంది. మీ మాట ఆ క్షణంలో అబద్ధమైపోతుంది, తర్వాతి సూదికి మిమ్మల్ని నమ్మడు. కొంచెం నొప్పి, ఐదు లెక్కపెట్టేలోగా అయిపోతుంది అని చెప్పి, వాడి చేత లెక్కపెట్టించండి. ఐదు దాటదు, దాటితే లెక్క నేను కడతాను.

ఇంకొక్క మాట, దీన్ని మన ఇళ్లలోనే సరిచేసుకోవాలి. అన్నం తినకపోతే, అల్లరి చేస్తే, "ఉండు, నర్సమ్మను పిలిచి సూదేయిస్తా" అని మనమే బెదిరిస్తాం. పోలీసు, బూచాడు, సూది. ముగ్గుర్నీ ఒకే వరసలో నిలబెట్టి, తర్వాత బుధవారమో శనివారమో టీకాల రోజు వచ్చేసరికి ఆ నర్సమ్మ దగ్గరికే నవ్వుతూ పొమ్మంటాం. వాడెట్లా పోతాడు?

సూది లేని దారులూ వస్తున్నాయి. పోలియోకు నోట్లో చుక్కలు అందరికీ తెలిసినవే. విరేచనాలు రాకుండా వేసే రోటా చుక్కలు 2016లో మన దేశంలో మొదట వచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కరోనాకు ముక్కులో వేసే చుక్కల మందును భారత్ బయోటెక్ 2023 జనవరి 26న విడుదల చేసింది. అయినా చాలా టీకాలకు ఇప్పటికి సూది తప్పదు. కాబట్టి ఈసారి టీకాకు పోయినప్పుడు, కళ్లు తిరిగే అలవాటు మీకు గానీ మీ ఇంట్లోవాళ్లకు గానీ ఉంటే, కుర్చీలో కూర్చోకముందే నర్సుకు చెప్పండి. నర్సులుగా పనిచేసే శ్రోతలకూ ఒక మనవి. సిరంజి చేతిలోకి తీసుకునే ముందు ఆ ప్రశ్న మీరే అడగండి. "ఇదివరకు సూది వేయించుకుంటే ఎట్లా ఉండింది?" అని అడిగితే చాలు. సగంమంది తమంతట తామే చెప్పేస్తారు.